జేజి కొప్పు విప్పిన మధ్యాహ్నం

మొన్నామధ్య మా మనవరాలు చిన్నికి తలలో పేలు పడ్డాయి. ఇందులో వింతేమీ లేదు. బడికి పోయే ఆడపిల్ల తలలో ఎప్పుడో ఒకప్పుడు పేలు పడకుండా ఉంటాయా? కానీ ఆ సాయంత్రం నెల్లూరులో మా ఫ్లాటులో జరిగిన హడావుడి చూస్తే ఎవరైనా దొంగలు పడ్డారనుకునేవాళ్ళు. పిల్లల తలలు ఒకసారి చూసుకోండి అని బడివాళ్ళు తల్లులందరికీ ఫోనులో కబురు పెట్టారట. మా కోడలు స్వాతి అది చదివిన మరుక్షణం చిన్నిని బాల్కనీలోకి లాక్కుపోయి, పాయ తీసి చూసి, "అత్తయ్యా!" అని పెట్టిన కేకకు పక్క ఫ్లాటువాళ్ళు కూడా తలుపు తీశారు. ఇక చూడండి. మందుల షాపు నుంచి షాంపూ వచ్చింది, దుప్పట్లూ దిండు గలేబులూ వాషింగ్ మెషిన్‌లో పడ్డాయి, దువ్వెనలన్నీ వేడినీళ్ళలో మునిగాయి. ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ వరసగా తలల తనిఖీ. మా అబ్బాయి వంతు అయ్యాక నన్ను కూడా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను లైటు వేసి, నాకు మిగిలిన ఆ కాస్త జుట్టునూ పాయలు పాయలుగా తీసి చూసింది. "మీరు సేఫ్ అత్తయ్యా" అంది. నాకు నవ్వాగలేదు.

"ఎందుకు నవ్వుతున్నారు?" అంది స్వాతి.

"ఏం లేదమ్మా. కోడలు అత్త తలలో చెయ్యి పెట్టడం ఇంత సులువైపోయిందే అని" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే మా జేజి సంగతి చెప్పాలి.

నాన్న వాళ్ళమ్మను మా వైపు జేజి అంటాం. మా ఊరు నెల్లూరు జిల్లా సంగానికి దగ్గర్లో, కాలువ కింద ఉంటుంది. ఎటు చూసినా వరి మళ్ళే, ఇంటికి వచ్చే ప్రతి మనిషీ మోకాళ్ళదాకా బురదతో వచ్చేవాడే. అలాంటి ఊళ్ళో జేజి తన ఇంటిని అద్దంలా ఉంచేది. "ఆయమ్మ ఇంట్లో నేల మీద అన్నం బెట్టుకోని తినొచ్చు" అని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. జేజికి ఆ మాట వినబడేది. వినబడనట్టే ఉండేది, కానీ ఆ పూటంతా మా మీద కసుర్లు తగ్గేవి. తాత పోయాక మెడలోవీ చేతులవీ అన్నీ తీసి కోడళ్ళకు పంచేసిన మనిషి ఆమె. ఆమెకంటూ మిగిలిన నగ ఆ పేరొక్కటే.

తెల్లవారకముందే వాకిట్లో పేడనీళ్ళు చల్లే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. లేచినవాళ్ళు లేచినట్టు వంటింట్లోకి పోకూడదు. ముందు పక్క మడవాలి, దిండు దులపాలి, ఊక కాల్చిన కచ్చికలో ఉప్పు కలిపిన పళ్ళపొడితో తోముకోవాలి, నాలిక గీసుకోవాలి. నోరు తెరిచి జేజికి చూపించి, ఆమె "ఊ" అన్నాకే చద్దన్నం. తాగేనీళ్ళ బిందెలో ఎవరన్నా చెయ్యి ముంచారా, ఆ బిందెడు నీళ్ళూ పెరట్లో తోటకూర మడికి పోయేవి, ముంచినవాళ్ళే మళ్ళీ బోరింగు కొట్టి మోసుకురావాలి. వాకిట్లో సిమెంటు తొట్టి, దాని గట్టు మీద చెంబు. ఎంతటివాళ్ళయినా కాళ్ళు కడుక్కునే గడప దాటాలి. కడుక్కోవడమంటే పాదం మీద గుమ్మరించుకోవడం కాదు. "ముందర మురిపిస్తివి సరే, మడమల సంగతేంది?" అని లోపల్నుంచి కేక వినబడేది. లోపలున్న మనిషికి బయటివాళ్ళ మడమలు ఎలా కనబడేవో నాకు ఇప్పటికీ తెలియదు. ఓట్లడగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి బూట్లు విప్పి మేజోళ్ళతోనే లోపలికి రాబోతే, "అబ్బయా, ఓటు సంగతి తర్వాత. ముందు ఆ తొట్టి కాడికి బో" అంది. ఆయన పోయి మడమలతో సహా కడుక్కుని వచ్చాడు. ఓటేసిందో లేదో మాత్రం జేజి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మా పాలిటి యముడి వారం. పెదనాన్న పిల్లలూ మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, అందరికీ వరసగా తలంట్లు. కాగులో నీళ్ళు మరుగుతూ ఉండేవి, పక్కన గంగాళంలో కుంకుడుకాయల నురగ. అది కళ్ళలో పడి గుడ్లు ఎర్రబడి మేం గుక్కపట్టి ఏడుస్తుంటే, జేజి నోట్లో ఇంత ఉప్పుగల్లు వేసి "చప్పరించు, మంట దిగతాది" అనేది. మంట దిగేది కాదు, ఏడవడానికి నోరు మాత్రం ఖాళీ ఉండేది కాదు. తర్వాత సాంబ్రాణి పొగ, గోళ్ళు, చెవులు, మెడ వెనక మట్టి, తలలో పాయ పాయకూ వెతుకులాట. జేజి మాత్రం శనివారాలు మేమెవరం లేవకముందే తన నీళ్ళు తనే కాచుకుని, తడికె తలుపు వేసుకుని పోసుకుని, మేం కళ్ళు నులుముకుని చూసేసరికి తడి జుట్టు గట్టిగా ముడేసుకుని కనిపించేది. ఆ కొప్పు విప్పగా మేమెవరం చూడలేదు. ఇంట్లో అందరి తలలూ ఆమె చూసేది. ఆమె తల ఇంకొకరు చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మా అమ్మ పేరు శారద, పుట్టిల్లు నాయుడుపేట. ఆ ఇంటికి చిన్న కోడలు. అమ్మ తోమి బోర్లించిన గిన్నెల్లో జేజి రోజూ చూపుడువేలు పెట్టి చుట్టూ తిప్పేది. వేలికి జిడ్డు తగలకపోతే మాటాడకుండా పోయేది. తగిలితే, "మీ నాయుడుపేటలో ఇంతేనేమో, ఈడ మాత్రం ఇంకొంచెం కచ్చిక బడాల" అనేది. అమ్మ తల వంచుకుని మళ్ళీ తోమేది. ఒక్కనాడు ఎదురు చెప్పగా నేను వినలేదు. మా నాన్న వింటూ కూడా విననట్టు పొలానికి పోయేవాడు. మగవాళ్ళకు ఆ విద్య పుట్టుకతో వస్తుంది.

ఇక నా గోడు. వేసవి వస్తే మల్లెమొగ్గలతో పూలజడ వేయించుకుని, బస్సెక్కి నెల్లూరు వచ్చి, స్టూడియోలో ఫోటో తీయించుకోవడం మా ఊళ్ళో ఆడపిల్లలకు పెద్ద ముచ్చట. వెనక నిలువుటద్దం పెడతారు, ముందు ముఖం, అద్దంలో జడ, రెండూ పడతాయి. పెదనాన్న కూతుళ్ళిద్దరికీ ఆ ముచ్చట తీరింది. వాళ్ళ ఫోటోలు గోడకు ఉండేవి, వాటికింద కూర్చుని నేను అన్నం తినేదాన్ని. నా జుట్టేమో పొట్టి. మొగ్గలు కుట్టిన అరటిపట్ట నిలవాలంటే జడ నడుము దాకా రావాలట. రోజూ గోడకు ఆనుకుని నిలబడి కొలుచుకునేదాన్ని. చివరికి ఆ ఏడు వచ్చింది. "ఈ ఎండాకాలం పద్మకు ఏయిద్దాం" అని జేజే అంది. నేను ఆ రోజు అన్నం సరిగా తినలేదు, సంతోషంతో.

సరిగ్గా అప్పుడు పడ్డాయి పేలు. అదీ ఎప్పుడు? అమ్మతో నాయుడుపేట పోయి నాలుగు రోజులుండి వచ్చిన వారానికి. ఆదివారం తలంటప్పుడు జేజి నా పాయ తీసి, తీసిన చెయ్యి తీసినట్టే ఆపింది. "శారదా, ఇట్లా రా" అని పిలిచి, అందరి ముందరా చూపించింది. "పిల్ల తల నీకప్పజెప్పినందుకు ఇదీ వరస. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందంట. నాయుడుపేట నుంచి మంచి సారె తెచ్చినావు మే." అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు అమ్మ మీద జాలి వేసింది గానీ, నా దిగులంతా నా జడ మీదే ఉంది.

ఇక వైద్యం మొదలైంది. వేపనూనె పట్టించారు. సీతాఫలం గింజలు నూరి రాసి గుడ్డ కట్టారు, ఆ ఘాటుకు రెండు రోజులు కళ్ళు తెరవలేకపోయాను. జేజి ఎండలో పీట వేసుకుని నన్ను ముందు కూర్చోబెట్టుకుని గంటల తరబడి పేలు కుక్కేది. బొటనవేలి గోటి మీద పెట్టి రెండో గోటితో నొక్కితే 'టప్' అని చప్పుడు, దానితోపాటు జేజి పళ్ళ సందుల్లోంచి 'ఇస్స్' అని. ఆ రెండు చప్పుళ్ళూ కలిసి వినబడితే ఒకటి చచ్చినట్టు లెక్క. పేలు పోయేవి. వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చేవి. జేజికి పట్టుదల పెరిగింది. "పిల్లల మధ్యలో పండుకుంటే ఇవి పోవు. ఇయ్యాల్టి నుంచి పద్మ నా పక్కన పండుకుంటాది. నా కాడ ఏ పురుగూ నిలవదు" అని నా చాప తన చాప పక్కకు లాగించింది. అందరి దువ్వెన వద్దని తన కొమ్ము దువ్వెనతోనే నాకు దువ్వేది. రాత్రుళ్ళు చెమటపడుతుందని తన చీర కొంగు నా తలకింద వేసేది. ఎంత శ్రద్ధో! ఆ శ్రద్ధ పెరిగినకొద్దీ నా తలలో పేలు కూడా పెరిగాయి.

చివరికి విసిగిపోయి తీర్పు చెప్పేసింది. "ఇంక లాభం లేదు. శనివారం పెంచలకోనకు పోదాం. నరసింహస్వామికి ఈ పిల్ల తలనీలాలిచ్చేద్దాం. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయిపోతాయి." నాన్న సరేనన్నాడు. పెదనాన్న బస్సు సంగతి కనుక్కుంటానన్నాడు. మల్లెలు బుట్టలకొద్దీ వస్తున్న రోజుల్లో నాకు గుండు. నేను పెరట్లోకి పోయి తోటకూర మడి దగ్గర కూర్చుని ఏడ్చాను. దేవుడి పేరెత్తాక ఎవరూ అడ్డం చెప్పరు, అది పిల్లలకు కూడా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం. నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే కదా, కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే వేళ. జేజి వసారాలో చెయ్యి తలకింద పెట్టుకుని పక్కకు తిరిగి పడుకుని ఉంది, నేను తాటాకు విసనకర్రతో విసురుతున్నాను. ఆమె చెవి పైన తెల్లటి వెంట్రుకల్లో నల్లటిదేదో కదిలింది. చీమ అనుకున్నాను. అది తాపీగా రెండు వెంట్రుకలు దాటి కొప్పు వైపు పోయింది. చీమ కాదు. నాకప్పటికి పేనును గుర్తుపట్టడంలో మంచి అనుభవం వచ్చింది.

వంటింట్లో అమ్మ పిండి జల్లిస్తోంది. "అమ్మా, జేజి తలలో పేను!" అన్నాను. అమ్మ పిండి చేత్తోనే నా నోరు మూసింది.

"సరిగ్గా చూసినావా?"

"చూసినా. కొప్పులోకి బోయింది."

అమ్మ ముఖంలో ఒక్క క్షణం ఏదో మెరిసింది. ఇన్నేళ్ళు గిన్నెల్లో తిరిగిన వేలు గుర్తొచ్చిందేమో. వెంటనే అది పోయింది. "ఎవురితోనూ అనబాక. నాయనతో కూడా. ఆ మాట ఊళ్ళో పడిందంటే ఆయమ్మ తల ఎత్తుకోని తిరగలేదు" అంది మెల్లగా.

"మరి నా జుట్టు?"

అమ్మ నా ముఖానికి అంటిన పిండి కొంగుతో తుడిచి, మళ్ళీ జల్లెడ పట్టుకుంది.

సాయంత్రం పక్కలు వేసేటప్పుడు నేను నా చాప తీసుకుని అమ్మ దగ్గరకు ఈడ్చుకుపోయాను. "ఏమ్మే, యాడికి లాక్కపోతుండావు?" అంది జేజి.

"నేను నీ పక్కన పండుకోను జేజీ."

"ఎందుకని?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ దులిపిన దుప్పటినే మళ్ళీ దులుపుతోంది. "ఎందుకని అడుగుతుండా" అని జేజి గట్టిగా అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు గుండొద్దు" అన్నాను, చాపను గట్టిగా పట్టుకుని. జేజి నా వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఎత్తలేదు. జేజి చెయ్యి తన కొప్పు దాకా పోయి, మధ్యలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. "సరే, నీ ఇష్టమొచ్చిన కాడ పండుకో" అని అటు తిరిగి పడుకుంది.

మరుసటి రోజు మగవాళ్ళు పొలాల మీదికి, పెద్దమ్మ పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి పోయేదాకా జేజి ఆగింది. అమ్మ వసారాలో చేటలో బియ్యం పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది. నేను పక్కన ఉన్నాను. జేజి లోపల్నుంచి పీట తెచ్చి, సరిగ్గా అమ్మ ముందర వేసి, అమ్మకు వీపు పెట్టి కూర్చుంది. చెయ్యి వెనక్కి పెట్టి కొప్పు విప్పింది. జుట్టు వీపు మీదుగా జారి పీట అంచు దాకా వచ్చింది. అంత జుట్టు ఆమెకుందని మాకు తెలియదు.

"శారదా, తల ఒకటే దురదగా ఉండాది. ఎండకేమో. రవ్వంత చూడు."

అమ్మ చేట పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, తుడిచిన చేతులు మళ్ళీ తుడుచుకుంది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో అత్త పాదాలకు దండం పెట్టడమే గానీ ఆమె తల ముట్టుకున్నది లేదు. మొదటి పాయ తీసింది. నేను తొంగిచూశాను. అమ్మా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. నా తలలోవి ఎంత, అక్కడున్నవి ఎంత! అమ్మ ఒకదాన్ని పట్టి గోటి మీద పెట్టింది. 'ఇస్స్' అనకుండా పెదవులు బిగబట్టుకుంది. కానీ గోళ్ళ చప్పుడును ఎవరు ఆపగలరు? టప్.

"ఏమన్నా ఉండాయా?" అంది జేజి, వీధి వైపే చూస్తూ.

"ఏం లేవత్తా. చెమట పొక్కులు." టప్.

"పొక్కులేనా?"

"పొక్కులే అత్తా." టప్.

"అయితే గిల్లెయ్యి" అంది జేజి.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ నా వైపు ఉరిమి చూసింది, నోరెత్తితే చంపేస్తానన్నట్టు. పొద్దు వాలేదాకా ఆ 'పొక్కులు' గిల్లుతూనే ఉంది. తర్వాత, "చల్లగా ఉంటాదత్తా" అని వేపనూనె పట్టించి గుడ్డ కట్టింది. మర్నాడు పొద్దున జేజి తలుపేసుకోలేదు. అమ్మ నీళ్ళు పోస్తుంటే బుద్ధిగా తల వంచుకుని కూర్చుంది. కుంకుడు నురగ కంట్లో పడితే అమ్మ ఉప్పుగల్లు తెచ్చి ఆమె నోటికి అందించింది. "పద్మకు కూడా ఇప్పుడే పోసెయ్యి, ఒక కాగు నీళ్ళతో పోతాది" అంది జేజి, ఉప్పు చప్పరిస్తూ. శనివారం వచ్చింది, పోయింది. పెదనాన్న కోన మాట ఎత్తితే, "ఈ ఎండల్లో కొండకెవురు బోతారు బ్బా" అని ఆయన్నే కసిరింది.

నాకు పూలజడ వేశారు. మొగ్గలు జేజే కుట్టింది, ఒక్క మొగ్గ అటూ ఇటూ పోకుండా. బస్సులో వీపు సీటుకు ఆనించకుండా నెల్లూరు దాకా నిటారుగా కూర్చున్నాను. స్టూడియో కుర్రాడు నవ్వమన్నాడు గానీ నాకు గర్వంతో నవ్వు రాలేదు. ఫోటోలో ఇప్పటికీ అలాగే ఉన్నాను, జిల్లా కలెక్టరు మొహంతో. ఆ తర్వాత జేజి గిన్నెల్లో వేలు పెట్టడం మానేసిందని రాస్తే అబద్ధమవుతుంది. పెట్టేది, అలవాటు ఎక్కడికి పోతుంది? నాయుడుపేట ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజులే బంగారమని నేను అనను. కుంకుడు పులుసు కళ్ళలో పడ్డవాళ్ళెవరూ అనరు. చిన్నికి మూడు పూటల షాంపూతో పోయాయి, ఒక్క చుక్క కన్నీరు లేదు. అంతకన్నా గొప్ప సంగతి, స్వాతి ఫోనులోని ఆ తల్లుల గుంపులో "మా పాపకు కూడా ఉన్నాయి, మీరూ చూసుకోండి" అని తనే రాసింది. మా కాలంలో అయితే గుట్టు దాచి దాచి ఊరంతా గోక్కునేవాళ్ళం. శుభ్రానికీ పరువుకూ ముడి పెట్టి, ఆ ముడి ఎంత గట్టిగా బిగించారంటే, లోపల ఏం పాకుతోందో చూసుకునే దారి లేకపోయింది ఆ ఆడవాళ్ళకు. ఇప్పటి పిల్లలకు ఆ సిగ్గు లేదు, నాకు సంతోషం. మిగతా అలవాట్లు నన్ను వదల్లేదు. మా అబ్బాయి ఆఫీసు నుంచి రాగానే "మడమలు" అని అరుస్తాను, ఆ మహానుభావుడు బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి కడిగినట్టు చప్పుడు చేసి వస్తాడు. లోటంటూ ఉంటే ఒక్కటే. షాంపూ మూడు పూటల్లో పని ముగించేస్తుంది. ఒకరి ముందర ఒకరు వీపు పెట్టి గంటల తరబడి కూర్చునే పని ఇప్పుడు ఎవరికీ లేదు.

జేజికి ఆ పని బాగా అలవాటైపోయింది. ఎండాకాలం పోయింది, నాట్లు పడ్డాయి, వానలు వచ్చి వెళ్ళాయి. ప్రతి ఆదివారం అన్నాలయ్యాక జేజి పీట తెచ్చి అమ్మ ముందర వేసుకుని కొప్పు విప్పేది. అమ్మ పాయలు తీస్తూ నాయుడుపేట కబుర్లు చెప్పేది, జేజి తన అత్త తనను పెట్టిన ఆరళ్ళు చెప్పేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు మాకు కొత్త. కోతల రోజుల్లో ఒక ఆదివారం, కళ్ళంలో ఆరబోసిన వడ్లు, మబ్బు పట్టిన ఆకాశం, అమ్మకు ఊపిరి తిరగనంత పని. జేజి మామూలుగా పీట తెచ్చి వేసుకుంది. అమ్మ ధ్యాస వడ్ల మీద ఉంది, గబగబా రెండు పాయలు తీసి, "పేలన్నీ ఎప్పుడో పోయినాయి గదత్తా, ఇంకేముండాయి చూసేదానికి?" అనేసింది.

అనేసి నాలిక కరుచుకుంది. నేను రాస్తున్న పలక మీద చెయ్యి ఆగిపోయింది.

జేజి వెనక్కి తిరగలేదు. పీటను ఇంకాస్త అమ్మ మోకాళ్ళ దగ్గరికి జరుపుకుని, జుట్టు మళ్ళీ వీపు మీద పరుచుకుంది.

"పోతే పోనీలే మే," అంది. "నువ్వు చూడు."